చెరకు తోట నుంచి వాన అడవి దాకా: డాక్టర్ జానకి అమ్మాళ్



ఈనాటి ప్రసంగంలో ఎరువు మోతాదు గాని, పురుగు మందు గాని చెప్పబోవడం లేదు. ఒక మనిషిని గురించి చెబుతాను. ఆమె మన జిల్లాలో పుట్టలేదు, మన భాష ఆమె ఇంటి భాషా కాదు. అయినా చెరకు నాటి, గానుగ ఆడి, బెల్లం వండే చిత్తూరు సీమ రైతుకు ఆమె కథ తెలిసి ఉండడం మంచిది.

చిత్తూరు నుంచి చెన్నపట్నం కోయంబేడు మార్కెట్టుకు టమేటాలో, మామిడికాయలో వేసుకొని లారీలో పోయినవారు మీలో చాలామంది ఉంటారు. ఇంక మార్కెట్టు వచ్చేసినట్లే అనుకొనేటప్పుడు మదురవాయిల్ అనే ఊరు తగులుతుంది. అక్కడి పరిశోధనశాలలో ఎనభై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ, పసుపుపచ్చ చీర కట్టుకొని, మొక్కల నడుమ తిరుగుతూ, చివరిదాకా పనిచేశారు. 1984 ఫిబ్రవరి 7న అక్కడే కన్నుమూశారు. ఆమే డాక్టర్ జానకి అమ్మాళ్.

ఆమె 1897 నవంబరు 4వ తేదీన కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. తండ్రి కృష్ణన్ గారు సబ్ జడ్జి. ఇంటినిండా పిల్లలు. తండ్రికి చెట్టూ చేమా, పిట్టా పురుగూ అంటే ప్రీతి. ఆ గుణం కూతురికి దిగింది. అక్కచెల్లెళ్ళకు పెళ్ళిళ్ళు కుదురుతుంటే ఈమె చదువుకుంటానని మద్రాసు చేరారు. క్వీన్ మేరీస్ కళాశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, ఆ తర్వాత అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి పోయి 1931లో డాక్టరు పట్టం పొందారు. అమెరికాలో వృక్షశాస్త్రంలో ఆ పట్టం తెచ్చుకొన్న మొదటి భారతీయ స్త్రీ ఆమే. ఆడదానికి ఇంత చదువెందుకు అన్న మాట ఒక పక్క, వెనుకబడిన కులమన్న చిన్నచూపు మరొక పక్క. రెండూ దాటుకొనే వచ్చారు.

ఇక చెరకు సంగతికి వస్తాను. 1934లో ఆమె కోయంబత్తూరులోని చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు. ఆ కేంద్రం 1912లో ఏర్పడినది. మనం చెరకును ముచ్చెలతో నాటుతాము గాని గింజతో నాటము. చేలో చెరకు పూత తీస్తే మనకు ఇష్టం కూడా ఉండదు. కాని కొత్త రకం పుట్టించాలంటే పువ్వు కావాలి, గింజ కావాలి. కోయంబత్తూరు గాలికి చెరకు చక్కగా పూస్తుంది. అందుకే ఆ పనికి ఆ ఊరు ఎంచుకొన్నారు.

లావుపాటి, రసం మెండుగా గల చెరకు న్యూగినీ దీవి వైపు పుట్టినది. తీపి దాని సొత్తు. కాని సుకుమారపు జాతి. ఎద్దడికి ఓర్వదు, తెగులు తగిలితే లొంగిపోతుంది. మరొక పక్క మన వంకల్లో, ఏటి గట్ల మీద రెల్లు ఉన్నది. స్వర్ణముఖి ఒడ్డున దాని తెల్లని పూత మీరు చూసే ఉంటారు. రెల్లును ఎవరూ నాటలేదు, ఎవరూ నీరు పెట్టలేదు. పశువు మేసినా, నిప్పు తగిలినా, వరద ముంచినా మళ్ళీ లేస్తుంది. దానిలో తీపి లేదు, చేవ ఉన్నది. కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు ఈ రెంటికీ సంబంధం కలిపారు. 1918లో రైతులకు ఇచ్చిన కో 205 రకానికి తల్లి లావు చెరకు, తండ్రి రెల్లు. ఆ తర్వాత వచ్చిన కో రకాలలో చాలావాటి వంశంలో రెల్లు పాలు ఉన్నది. మీ తోట తెగులుకు కొంత ఓర్చుకొన్నదన్నా, కొట్టిన తర్వాత కార్శి బాగా లేచిందన్నా, అందులో ఆ రెల్లు చలవ కొంత ఉన్నదని తెలుసుకోండి.

జానకి అమ్మాళ్ గారు చేరేనాటికి ఈ సంబంధం కుదిరే ఉన్నది. ఎందుకు కుదిరింది, ఏ రెల్లుతో కలిపితే మరింత మేలు, ఇంకా ఏ గడ్డి జాతులతో కలపవచ్చు అన్నది ఆమె పట్టుకొన్న పని. ప్రతి మొక్క ఒంటిలోను కంటికి కనబడనంత చిన్న గదులు ఉంటవి. వాటిని కణాలు అంటారు. కణం లోపల సన్నని పోగులు కొన్ని ఉంటవి. వాటికి క్రోమోజోములని పేరు. ఎత్తు, రంగు, తీపి, ఓర్పు వంటి తల్లిదండ్రుల గుణాలు బిడ్డకు దిగేది ఈ పోగుల మీదుగానే. వరికి ఇవి 24, మొక్కజొన్నకు 20, మనిషికి 46. తీపి చెరకుకు 80. రెల్లుకు మాత్రం రకాన్ని బట్టి 40 మొదలు 128 దాకా ఉంటవి. ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఈ పోగులను ఓపికగా లెక్కపెట్టారు. వేరువేరు చోట్ల పెరిగే రెల్లును పోల్చి చూశారు. ఈ జాతి పుట్టిల్లు మన దేశమేనని తేల్చడానికి ఆ పని తోడ్పడింది. చెరకును మొక్కజొన్నతోను, జొన్నతోను, ఇతర గడ్డి జాతులతోను కలిపి సంకరాలు పుట్టించారు.

సోదరులారా, ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోండి. మనం కలుపని కొడవలి పెట్టే గడ్డే చెరకును నిలబెట్టింది. బీడు మీద, అడవిలో ఎవరికీ పట్టకుండా పెరిగే మొక్క ఏనాడు ఏ పంటకు అక్కరకు వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. అడవి అంటే కట్టెపుల్లల కుప్ప కాదు. అది రైతు విత్తన గాదె. జానకి అమ్మాళ్ గారి మిగిలిన జీవితమంతా ఈ మాట మీదనే నడిచింది.

1939లో శాస్త్రజ్ఞుల మహాసభకు ఆమె ఎడిన్‌బరో వెళ్ళారు. అంతలో యుద్ధం వచ్చింది. అక్కడే ఉండిపోయారు. లండనులో రాత్రిపూట బాంబులు పడుతుంటే మంచం క్రింద దూరి, తెల్లవారి గాజు పెంకులు ఊడ్చి మళ్ళీ పనిలో కూర్చునేవారని చెబుతారు. డార్లింగ్టన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, పంట మొక్కలకు దేనికి ఎన్ని పోగులో తెలిపే పెద్ద గ్రంథం 1945లో వెలువరించారు. తర్వాత విస్లీ అనే ఊరిలోని పెద్ద తోటలో పనిచేస్తూ మాగ్నోలియా చెట్ల మీద పరిశోధన చేశారు. మాగ్నోలియా అంటే మన సంపెంగ జాతి. ఈనాటికీ ఆమె పేరు పెట్టిన మాగ్నోలియా రకం ఒకటి ఆ దేశంలో పూస్తున్నది.

1951లో ప్రధాని నెహ్రూ గారి పిలుపు మీద ఆమె స్వదేశానికి వచ్చి, భారత వృక్ష పరిశీలన శాఖను తిరిగి దిద్దే పని చేపట్టారు. అవి తిండి కరువు రోజులు. అధికాహారోత్పత్తి అని దేశమంతటా బీళ్ళు దున్నుతున్నారు, అడవులు కొడుతున్నారు. ఆ రోజుల్లో ఆమె ఒక అరుదైన మాగ్నోలియా చెట్టును వెదుక్కుంటూ షిల్లాంగు నుంచి 37 మైళ్ళు పోయారు. ఆ ప్రాంతానికంతా ఆ జాతిది అదొక్కటే చెట్టు. పోయి చూస్తే దానిని కాల్చివేసి ఉన్నారు. ఆ బాధ ఆమె మరచిపోలేదు. పంట పండించవద్దని ఆమె అనలేదు. చెరకు మీద అంత పాటుపడిన మనిషి ఎందుకంటారు? రేపటి పంటకు కావలసిన మూలాన్ని ఈనాటి పంట కోసం తగులబెట్టవద్దన్నదే ఆమె మాట. 1955లో మనిషి భూమి రూపును ఎట్లా మారుస్తున్నాడన్న విషయం మీద అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పెద్ద సదస్సు జరిగింది. దానికి పిలుపందుకొన్న స్త్రీ ఈమె ఒక్కరే.

ఇప్పుడు వాన అడవి దగ్గరకు వస్తున్నాము. కేరళలో పాలక్కాడు జిల్లాలో సైలెంట్ వ్యాలీ, అంటే నిశ్శబ్ద లోయ అని ఒక అడవి ఉన్నది. కీచురాళ్ళ రొద వినబడదు గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. మన జిల్లాలో కురిసే వానకు మూడింతలకు పైగా అక్కడ కురుస్తుంది. చెట్లు ఏడాది పొడుగునా పచ్చగా ఉంటవి. వాటి తలలన్నీ పైన కలిసిపోయి, పెళ్ళి పందిరి వేసినట్లు అడవినంతా కప్పి ఉంటవి. నేలమీద నిలబడితే పట్టపగలు కూడా మసక వెలుగే. అడవి అసలు సంసారమంతా ఆ పందిరి మీదనే సాగుతుంది. ఎండ అక్కడ, పూత అక్కడ, కాయ అక్కడ, తేనెటీగ అక్కడ. సింహపు తోక కోతి అని ఒక అరుదైన జాతి ఉన్నది. ముఖం చుట్టూ జూలు ఉంటుంది. అది బ్రతుకంతా చెట్ల మీదనే గడిపి, నేల మీదికి దిగడం బహు తక్కువ. పందిరి తెగితే దానికి దారి తెగినట్లే.

ఆ పందిరి చేసే మరొక పని ఉన్నది, అది మనకు నేరుగా సంబంధించినది. ఏనుగు తొండంతో పోసినట్లు వాన పడినా, మొదట పై ఆకుల మీద పడుతుంది. అక్కడ చినుకు విరిగి, కొమ్మల మీద జారి, మాను వెంట దిగి, చివరకు నేలమీది ఆకు చెత్తలో ఇంకుతుంది. ఇంకిన నీరు కోనల్లో ఊటగా బయటకు వస్తుంది. అందుకే వానలు ఆగిన ఎన్నో నెలలకు కూడా అటువంటి అడవిలో పుట్టిన ఏరు పారుతూనే ఉంటుంది. అట్లాంటి ఏరే ఆ లోయలోని కుంతి నది.

ఆ కుంతి నదికి ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని 1970లలో ప్రభుత్వం ఏర్పాట్లు చేసింది. నీరు నిలిస్తే సుమారు 830 హెక్టార్ల అడవి మునుగుతుంది. కరెంటు వస్తుంది, కొన్ని వేల ఎకరాలకు సాగునీరూ అందుతుందని చెప్పారు. నిజం చెప్పాలంటే, రైతుకు అది చిన్న ఆశ కాదు. బోరు మోటారు ఆడితేనే కయ్య తడిసే మనబోటి సీమ వాళ్ళకు కరెంటు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అందుచేత ఆ ఆనకట్ట వద్దన్నవారు మాటలు పడ్డారు. అయినా బడిపంతుళ్ళు, కవులు, కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు వారు, శాస్త్రజ్ఞులు ఊరూరా తిరిగి చెప్పారు. కరెంటు మరొక చోట పుట్టించవచ్చు, ఈ అడవిని మరొక చోట పుట్టించలేము అన్నది వారి వాదం.

ఆ శాస్త్రజ్ఞులలో జానకి అమ్మాళ్ గారు ఒకరు. అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్ళు దాటినవి. 1977లోనే పద్మశ్రీ బిరుదు వచ్చింది. ఇంటిపట్టున కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. కాని ఆమె ఆ లోయలోని చెట్ల క్రోమోజోములను పరిశీలించే పనికి నడుము కట్టారు. నలభై ఏళ్ళ క్రిందట రెల్లుకు చేసిన లెక్కే ఇప్పుడు మునిగిపోనున్న అడవి చెట్లకు! ఒకవేళ లోయ మునిగినా, అక్కడ ఏమేమి ఉండేవో లెక్క మిగలాలి. మునగకుండా ఆపగలిగితే, ఎందుకు ఆపామో చెప్పడానికీ ఆ లెక్కే కావాలి. ఊరికే వద్దనడం వేరు, లెక్క చేతబట్టుకొని వద్దనడం వేరు. ఆమె రెండవ దారి పట్టారు.

చివరకు 1983లో ఆ ప్రాజెక్టును విరమించారు. 1984 నవంబరు 15న సైలెంట్ వ్యాలీని జాతీయ వనంగా ప్రకటించారు. జానకి అమ్మాళ్ గారు అప్పటికి తొమ్మిది నెలల క్రిందటే మదురవాయిల్‌లో కన్నుమూశారు. ఆమె ఆ ప్రకటన చూడలేదు. కొబ్బరి మొక్క నాటిన ముసలాయన కాయ తినడు గదా! కుంతి నది మాత్రం ఈనాటికీ పారుతున్నది.

ఆమె నేలమీద నిలబడి కాపాడిన ఆ పందిరి మీదికి, ఇతర దేశాల్లో మరికొందరు స్త్రీలు నేరుగా తాళ్ళు కట్టుకొని ఎక్కారు. మార్గరెట్ లోమన్ అనే ఆమె 1979లో ఆస్ట్రేలియా అడవుల్లో మొదలుపెట్టి, చెట్ల నడుమ నడకదారులు కట్టించి, కొట్టకుండానే అడవి నుంచి ఊరివారికి రాబడి రావచ్చునని చూపారు. తండ్రి వైపున మన దేశపు మనిషి అయిన నళిని నాద్‌కర్ణి గారు అమెరికాలో చెట్లెక్కి ఒక వింత కనిపెట్టి 1981లో ప్రకటించారు. కొమ్మల మీద ఆకులూ నాచూ కుళ్ళి మన్ను తయారవుతుంది. చెట్టు తన కొమ్మ నుంచే వేళ్ళు పుట్టించి, ఆ మన్నులోని సారం తీసుకొంటుంది. జామ, దానిమ్మ కొమ్మకు తడి నాచు కట్టి మీరు గాలి అంటు కడతారే, అదే పని అడవి చెట్టు తనంతట తాను చేసుకొంటున్నదన్నమాట.

మీలో ఒకరు అడగవచ్చు: ‘అయ్యా, అదంతా కేరళ వాన అడవి సంగతి. మా రాళ్ళ సీమకు దానితో పని ఏమి?’ అని. మంచి ప్రశ్న. తలకోన చూసినవారు గుర్తు తెచ్చుకోండి. అది నిజమైన వాన అడవి కాదు. అయినా 270 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకే ఆ కోన లోపల చెట్ల తలలు కలిసి, ఎండ వేళ కూడా ఒళ్ళు చల్లబడుతుంది. ఆ చల్లదనమే నీరు. మన శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. తంబజాలారి, మొగి వంటి అరుదైన చెట్లు కూడా ఈ కొండల సొత్తు. వాటిలో ఏది రేపు ఏ రోగానికి మందో, ఏ తోటకు అంటు మొదలో ఇంకా అంతా తేలలేదు. కొండ బోడి అయితే వాన వచ్చిన పూట వంక పొంగుతుంది, నాలుగు రోజులకు ఎండుతుంది. మన్ను కొట్టుకొచ్చి చెరువు పూడుతుంది. మొరవ పోయిన చెరువు కూడా సంక్రాంతికే అడుగంటుతుంది. అప్పుడు ఎన్ని వందల అడుగులు బోరు వేసి ఏమి లాభం?

కాబట్టి మన చేతిలో ఉన్న పనులు కొన్ని చెబుతాను.

ఒకటి, నిప్పు. కొత్త గడ్డి వస్తుందని కొండ అడుగున పాత గడ్డికి నిప్పు పెట్టవద్దు. బీడీ ముక్క ఆర్పకుండా విసరవద్దు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో అడవి అంటుకుంటే ఆర్పడానికి విమానదళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. పెద్ద మాను మాడకపోయినా, దాని క్రింద మొలిచిన పిల్ల మొక్కలన్నీ మాడిపోతవి. పందిరికి రేపటి గుంజలు అవే.

రెండు, వంక గట్టు. గెనిమ వెడల్పు చేసుకోవాలని వంక ఒడ్డున రెల్లును, పొదలను వేళ్ళతో పెరికి వేయవద్దు. పొలంలోకి వచ్చిన దానిని తీయండి, గట్టు మీది దానిని ఉంచండి. గట్టును పట్టి ఉంచేది అదే. పొదల్లో తేనెటీగలు నిలుస్తవి. గుమ్మడి, బీర, దోస పూలకు ఈగ రాకుంటే పిందె కట్టదని మీకు తెలిసినదే.

మూడు, నాటు విత్తనం. మీ ఇంట్లో తాతల నాటి అనప విత్తనమో, రాగి విత్తనమో ఉంటే, కొత్త రకం వచ్చిందని దానిని పారవేయవద్దు. ఏటా ఒక మూల కొద్దిగా వేసి కాపాడండి. మొక్కల రకాల రక్షణకు, రైతు హక్కులకు 2001లో చట్టం వచ్చింది. దాని ప్రకారం రైతు తన రకాన్ని తన పేర నమోదు చేసుకోవచ్చు. వ్యవసాయ కార్యకర్తలు ఈ సంగతి రైతుకు చెప్పి, కృషి విజ్ఞాన కేంద్రం దాకా తోడు వెళ్ళాలి. ఊరిలో ఎవరింట ఏ నాటు విత్తనం ఉన్నదో ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకొంటే, అది జానకి అమ్మాళ్ గారు చేసిన లెక్క వంటిదే.

నాలుగవది ఆడపిల్లల సంగతి. మీ అమ్మాయి బడి నుంచి వస్తూ దారిలో ఏదో ఆకు కోసుకొచ్చి, ఇదేమి చెట్టని అడిగితే, ‘నీకెందుకే’ అనవద్దు. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే అవ్వను అడిగి రమ్మనండి. అడవి మొక్కల పేర్లు మన అవ్వలకు తెలిసినంత మనకు తెలియవు. తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్నది, 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నది. జానకి అమ్మాళ్ గారు చదువు కోసం సముద్రాలు దాటవలసి వచ్చింది. మన పిల్లలు బస్సు ఎక్కితే చాలు.

ఈసారి స్వర్ణముఖి దాటేటప్పుడు రెల్లు పూత కనబడితే ఒక్క నిమిషం చూడండి. ఆ గడ్డి లేకుంటే మన గానుగలో ఆడే చెరకు ఇట్లా ఉండేది కాదు. ఆ పక్కనే కొండ మీద పచ్చగా కనబడే పందిరి లేకుంటే ఆ ఏటిలో నీరూ ఉండదు. ఈ రెండు సంగతులను కలిపి చూసి, ఎనభై ఏళ్ళు దాటినా పని మానని ఒక అమ్మ కథ ఇది. పొద్దుపోయాక అరుగు మీద కూర్చున్నప్పుడు మీ ఇంటి పిల్లలకు చెప్పండి.